రెబ్కా మెస్సులో వేరు పళ్ళెం

మనిషి నోరు అబద్ధమాడుతుందేమో గాని, తిన్న పళ్ళెం అబద్ధమాడదని రెబ్కా నమ్మకం. గుంటూరు బ్రాడీపేట నాలుగో లైనులో పద్దెనిమిదేళ్ళుగా ఆమె మెస్సు నడుపుతోంది. కోచింగ్ సెంటర్ల పిల్లలు, ఆసుపత్రుల్లో చేసే నర్సులు, మందుల షాపుల వాళ్ళు పూటకు నలభై మంది దాకా తింటారు. పళ్ళేలు కడగడానికి వేరే మనిషి ఉంది. అయినా తొట్టిలో పడేముందు ప్రతి పళ్ళెమూ రెబ్కా కళ్ళ ముందునుంచి పోవలసిందే. అంచున పచ్చడి మిగిలితే ఉప్పెక్కువైనట్టు. వంకాయ ముక్కలు పక్కకు నెట్టి ఉంటే కాయ ముదిరినట్టు. అన్నం సగానికి సగం మిగిలితే ఆ పిల్లకో పిల్లాడికో పరీక్ష పోయినట్టు, లేదా ఇంటినుంచి ఫోనొచ్చినట్టు. అలాంటి మనిషికి కూడా ఒక పళ్ళెం ఆరునెలలుగా అంతు చిక్కడం లేదు.

అది డాబా మీద గదిలో ఉండే మెరోన్ పళ్ళెం.

మెరోన్‌ది ఇథియోపియా. ఇరవై రెండేళ్ళ పిల్ల, సన్నగా, పొడుగ్గా ఉంటుంది. గుంటూరు బయట ఒక కాలేజీలో ఎమ్మెస్సీ చదవడానికి కిందటి ఆగస్టులో వచ్చింది. అక్కడ విదేశీ విద్యార్థుల మంచిచెడ్డలు చూసే ఆత్రేయ గారు ఆమెను స్వయంగా వెంటబెట్టుకొచ్చి రెబ్కాకు అప్పగించారు. "హాస్టల్లో ఒంటరిదైపోతుందమ్మా. మీ ఇంట్లో అయితే మనుషుల మధ్యన ఉంటుంది" అన్నారు. రెబ్కాకు ఆ మాట గర్వంగా తోచింది. చర్చిలో కూడా చెప్పుకుంది.

పిల్ల వస్తోందని తెలిసిన రోజునే ఆమెను ఎలా చూసుకోవాలో నన్నే సాహెబ్ నేర్పేశాడు. నన్నే సాహెబ్ రోజూ తెల్లారి మెస్సుకు కూరగాయలు తెచ్చే ఆటో డ్రైవరు. అతని బావమరిది కువైట్‌లో పదకొండేళ్ళుగా ఒకే ఇంటికి కారు తోలుతున్నాడు. ఆ కారు అద్దంలోంచి కనిపించినంత మేరా ప్రపంచమంతా నన్నే సాహెబ్‌కు తెలుసు.

"ఆఫ్రికా అంటే ఉంటే ఎడారి, లేకపోతే అడివి. అంతేనక్కా! ఆ పిల్లకి మన ఎండ ఒక లెక్కా? చలేసుద్దేమో చూడు. పైన రేకుల గది ఇచ్చెయ్యి."

"ఆ గదిలో ఏప్రిల్లో పిల్లి కూడా పడుకోదు కదయ్యా!"

"పిల్లి గుంటూరుది. ఈ పిల్ల ఆఫ్రికాది. ఇంకోటి, కారం మాత్రం పెట్టబాక. ఫారినోళ్ళ పేగులు పలచనంట, మా బావమరిది చూశాడు. ఒక్క మెతుక్కి కారం తగిలినా ఆస్పత్రే. తర్వాత పోలీసులు, ఎంబసీ, టీవీ వాళ్ళు... నీకెందుకొచ్చిన గోల చెప్పు?"

ఎంబసీ అన్న మాట రెబ్కాను భయపెట్టింది. ఆరోజు నుంచే మెరోన్‌కు వంట వేరైంది. మెత్తగా ఉడికించిన అన్నం, కమ్మని పెరుగు, ఉడకబెట్టిన గుడ్డు, వెన్న రాసిన బ్రెడ్డు, రాత్రి గ్లాసుడు పాలు. బాలింతకు కూడా ఇంత పథ్యం ఉండదు. పళ్ళెం కూడా వేరే కొన్నది, నీలం పువ్వుల పింగాణీది. మిగతా పిల్లలు తోసుకుంటూ తినే గదిలో కాకుండా ముందు గదిలో, ఫ్యాను కింద బల్ల వేసి, అందరికంటే అరగంట ముందు వడ్డించేది. చుట్టానికి ఇంతకన్నా మర్యాద ఏముంటుంది?

మెరోన్ తెచ్చుకున్న ఊహలు కూడా ఏమంత తక్కువవి కావు. ఆమె ఊళ్ళో హిందీ సినిమాలంటే పిచ్చి. ఇండియాలో ఇళ్ళకు పాలరాతి మెట్లుంటాయని, వానొస్తే వీధి వీధంతా కలిసి డాన్సు చేస్తుందని అనుకుంటూ పెరిగింది. ఆగస్టులో తను వచ్చాక తొలి వాన పడ్డప్పుడు డాబా పిట్టగోడ దగ్గర నిలబడి చాలాసేపు కిందికి చూసింది. ఆరేసిన బట్టలకోసం ఆడవాళ్ళు పరుగెత్తారు. కరెంటు పోయింది. ఎదురింటాయన కరెంటు వాళ్ళను బూతులు తిట్టాడు. "ఎప్పుడు మొదలుపెడతారు?" అని మెరోన్ పక్కగది శ్రీరమ్యను అడిగింది. వినుకొండ నుంచి సి.ఏ. కోచింగుకు వచ్చిన శ్రీరమ్య ఆ మాట మెస్సంతా చెప్పి నవ్వించింది. మరుసటి వాన రోజున పిల్లలు నలుగురు పైకెళ్ళి, పాపం, మెరోన్‌కోసం కాసేపు గెంతారు.

అంతా బాగానే ఉంది గాని, పళ్ళెమే బాగోలేదు.

పింగాణీ పళ్ళెం తిరిగొచ్చినప్పుడల్లా సగం మిగిలేది. కొన్ని రోజులు ముట్టుకోకుండా వచ్చేది. బుధవారం, శుక్రవారం మరీనూ. "వాళ్ళ దేశంలో బుధవారం అన్నం తినరేమోనక్కా" అన్నాడు నన్నే సాహెబ్ కొత్తిమీర కట్టలు దించుతూ. "నోరు ముయ్యి. బుధారం తినని దేశం ఎక్కడుంటది?" అంది రెబ్కా. అతను చెప్పిన నూటిలో ఒక్కటి నిజమైతే, అది ఇదేనని తర్వాత తేలింది.

"ఫుడ్ గుడ్?" అని రెబ్కా తనకొచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కల్లో అడిగేది. "గుడ్, గుడ్" అని మెరోన్ రెండు చేతులూ గుండెకు ఆనించుకుని వంగేది. మాట అలా, పళ్ళెం ఇలా. రెబ్కా పళ్ళేన్నే నమ్మింది.

ఆదివారం చర్చికి కూడా తీసుకెళ్ళింది. పాపం, ఎక్కడో ఆఫ్రికానుంచి వచ్చిన పిల్ల, దేవుడి మాట చెవిన పడితే మనసు కుదుటపడుతుందని ఆమె ఆశ. మెరోన్ గుమ్మం బయట చెప్పులు విప్పి, తలమీద తెల్ల ముసుగు కప్పుకుని లోపలికొచ్చింది. అంతవరకు బాగానే ఉంది. ఆపైన రెండు గంటలూ గోడవారన నిలబడే ఉంది. చాప చూపించినా కూర్చోలేదు. "కింద కూచోవడం రాదేమో లేమ్మా, వాళ్ళకి నేర్పేవాళ్ళెవరు?" అని పక్కావిడ జాలిపడింది.

ఫిబ్రవరి ఆఖర్న మెరోన్ కాలేజీ ల్యాబులో కళ్ళు తిరిగి పడిపోయింది.

డాక్టరు చూశాడు. జబ్బేమీ లేదన్నాడు. వచ్చినప్పటికంటే ఏడు కిలోలు తగ్గిందని, తిండి సరిపోవడం లేదని రాసిచ్చాడు. మర్నాడు ఆత్రేయ గారు మెస్సుకొచ్చారు. మంచి మనిషి, గట్టిగా మాట్లాడటం చేతకాదు. టీ గ్లాసు చేతుల్లో తిప్పుతూ మొదలుపెట్టారు.

"రెబ్కమ్మా, ఆ అమ్మాయి చదువు మానేసి వెళ్ళిపోతానని కాగితం రాసిచ్చింది. కారణం రాయలేదు. నేను ఇంకా పైకి పంపలేదు. నాలుగు రోజులు ఆగి చూద్దామన్నాను."

"నా తిండి పడలేదని చెప్పిందాండీ?"

"ఒక్క మాట అనలేదు. మీరు తల్లిలా చూస్తున్నారనే చెప్పింది. అదే నాకు అర్థం కావటంలేదు."

పద్దెనిమిదేళ్ళలో రెబ్కా మెస్సునుంచి ఎందరో వెళ్ళారు. ఉద్యోగాలొచ్చి వెళ్ళారు, ఫెయిలయి వెళ్ళారు, పెళ్ళి కుదిరి వెళ్ళారు. తన చేతి కూడు తిని చిక్కిపోయి వెళ్ళిన పిల్ల ఒక్కతీ లేదు. ఆస్తి లేదు, చదువు లేదు. అన్నం పెట్టే మనిషన్న పేరొక్కటే ఉంది.

"పదిహేను రోజులు గడువివ్వండి సార్. నేను పెడతాను, అది తింటది. ఆ గడువు దాటాక మీ ఇష్టం."

ఆయన సరేనన్నారు. రెబ్కా ఆ క్షణం నుంచే యుద్ధం మొదలుపెట్టింది. గుడ్డు రెండయ్యాయి. పెరుగులో మీగడ కలిసింది. కోడిని ఉడికించి కారంలేని రసం చేసింది. బ్రెడ్డు మీద వెన్న వేలి మందాన పూసింది. ఆమె పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. ఇప్పుడు బుధ శుక్రవారాలే కాదు, అన్ని రోజులూ అంతే. ఊడవడానికి పైకెళితే గది మూల చెత్తబుట్టలో అరటిపండు తొక్కలు, వేరుశనగ పొట్టు కనిపించాయి. పిల్ల వాటితో బతుకుతోంది. రెబ్కా ఆ పొట్టు చేతిలోకి తీసుకుని మంచం పట్టెమీద కూలబడింది. నా అన్నంకంటే వేరుశనక్కాయలు నయమయ్యాయా దీనికి?

గడువులో ఆరు రోజులు అయిపోయాక, గురువారంనాడు నన్నే సాహెబ్ సత్తెనపల్లి వైపునుంచి రెండు బస్తాల మిరపకాయలు తెచ్చిపడేశాడు. ఏడాదికి సరిపడా కారం రెబ్కా మార్చిలోనే ఆడిస్తుంది. అది ఆమె పుట్టింటి ఊరి పంట. డాబామీద టార్పాలిన్ పరిచి కాయలు గుమ్మరించింది. ఎర్రగా, గలగలమంటూ. పొద్దున కాయలు ఎండబెట్టి, మధ్యాహ్నం తొడిమలు తీసి, తాలు కాయలు, అంటే తెల్లబారిన కాయలు, ఏరి పక్కన పెట్టి మిల్లుకు పంపాలి. ధనియాలు, మెంతులు పక్కన పొయ్యిమీద వేగుతున్నాయి. మచ్చుకు నాలుగు మిరపకాయలు కూడా మూకుట్లో పడేసరికి ఘాటు లేచింది. శ్రీరమ్య చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని దగ్గుతూ తిట్టింది. "ఆంటీ, మమ్మల్ని బతకనివ్వరా?"

రేకుల గది తలుపు తెరుచుకుంది. మెరోన్ బయటికొచ్చింది. రెబ్కా పొయ్యి దగ్గరినుంచి లేచింది. పలచని పేగులు!

"లోపలికి పోమ్మా! ఘాటు, ఘాటు! శ్రీరమ్యా, చెప్పవే దానికి!"

మెరోన్ లోపలికి పోలేదు. కళ్ళు మూసుకుని ఆ ఘాటును గుండెనిండా పీల్చింది. టార్పాలిన్ దగ్గరికొచ్చి, చెప్పులు విప్పి, బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేలమీద కూర్చోవడం రాని పిల్ల! ఒక కాయ తీసుకుంది. ఎడమ చేత్తో దాన్ని తొడిమ పక్కన పట్టుకుని, కుడి బొటనవేలు తొడిమ కిందికి పోనిచ్చి, ఒక్క తిప్పు తిప్పింది. తొడిమ ఊడింది, కాయ చిట్లలేదు, గింజ రాలలేదు. ఇంకోటి. ఇంకోటి. తాలు కాయ తగిలితే చూడకుండానే పక్కకు విసిరింది.

రెబ్కా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. పదహారో ఏటనుంచి పెళ్ళయ్యేవరకు, ఆ తర్వాత నాలుగేళ్ళూ ఆమె కోల్డు స్టోరేజీల్లో తొడిమలు తీసే కూలికి వెళ్ళింది. చేతుల మంటకు మజ్జిగలో వేళ్ళు ముంచుకుని కూర్చున్న రోజులు ఎన్నో. వంద మంది ఆడవాళ్ళలో ఎవరు నిన్న చేరారో, ఎవరు పదేళ్ళనుంచి చేస్తున్నారో బొటనవేలు చూసి చెప్పగలదు. ఈ బొటనవేలు నిన్నటిది కాదు.

"ఎక్కడ నేర్చావే ఇది?" అంది తెలుగులోనే. శ్రీరమ్య దగ్గు ఆపుకుని ఇంగ్లీషులో అడిగింది.

మెరోన్ తలెత్తకుండా పని చేస్తూనే చెప్పింది. శ్రీరమ్య ఒక్కో ముక్కా తెలుగులో అంది.

"ఏటేటా వాళ్ళమ్మ బస్తాడు మిరపకాయలు ఎండబెడుతుందంట ఆంటీ. పిల్లలందరూ తొడిమలు తీయాలంట. అందులో వెల్లుల్లి, అల్లం, మెంతులు, యాలకులు అన్నీ కలిపి కారం చేసుకుంటారంట. బెర్బెరే అంటారంట. అది లేకుండా వాళ్ళ ఇంట్లో కూరే ఉండదంట."

"కారం తింటారా!"

"మూడుపూటలా తింటారంట."

"మరి ఆర్నెల్లనించి నాకెందుకు చెప్పలా ఈ మహాతల్లి?"

మెరోన్ చేతులు ఆగాయి. నెమ్మదిగా ఏదో చెప్పింది. శ్రీరమ్య మొహం మారింది.

"ఏమంటంది?"

"ఏం లేదులే ఆంటీ."

"చెప్పమ్మా."

"పెట్టింది తినాలి గాని చుట్టానికి అడిగే హక్కు లేదంటోంది. ఇంకా..." శ్రీరమ్య మిరపకాయలవంక చూస్తూ పూర్తిచేసింది. "వాళ్ళ ఊళ్ళో అందరూ ఒకే పళ్ళెంలో చుట్టూ కూచుని తింటారంట. ఒంటరిగా తినేవాళ్ళని చూసి జాలిపడతారంట. ఇక్కడ తనకి పళ్ళెం వేరు, గది వేరు, టైము వేరు. తన చెయ్యి మన గిన్నెల్లో పడటం మీకు ఇష్టంలేదేమో అనుకుందంట. తన రంగు చూసి అనుకుందంట. అయినా మీరు చాలా ప్రేమగా ఉంటారు కాబట్టి, అది మీ దేశపు పద్ధతేమోలే అని ఊరుకుందంట."

మూకుట్లో మెంతులు మాడాయి. ఎవరూ తీయలేదు.

రెబ్కా తండ్రి ఊరి టీ హోటల్లో ఏనాడూ లోపల కూర్చోలేదు. ఆయన గ్లాసు బయట చూరులో దోపి ఉండేది. పేటవాళ్ళ గ్లాసులన్నీ అక్కడే. తీసుకుని, పోయించుకుని, తాగి, తనే కడిగి మళ్ళీ చూరులో దోపాలి. తండ్రి వేలు పట్టుకుని వెళ్ళిన ప్రతిసారీ రెబ్కా ఆ గ్లాసుల వరుస చూసేది. ఆ హోటలతను కసురుకునే మనిషైతే పగ పట్టడం తేలికయ్యేది. అతను నవ్వుతూ, పిల్లదానికి ఇంకో చుక్క ఎక్కువగా పోసేవాడు. ఇప్పుడు నలభై ఏళ్ళ తర్వాత, నీలం పువ్వుల పింగాణీ పళ్ళెం కొని, ఫ్యాను కింద బల్ల వేసి, తనూ నవ్వుతూనే వడ్డించింది.

"అయ్యో నా తల్లీ" అంది.

కాసేపటికి మెరోన్ ఉపవాసం సంగతి కూడా బయటపడింది. వాళ్ళ దేశంలో క్రైస్తవం పదిహేడు వందల ఏళ్ళనాటిది. రెబ్కా ముత్తాత బాప్తిస్మం తీసుకున్నది నూటయాభై ఏళ్ళ కిందట. బుధవారం, శుక్రవారం వాళ్ళు పాలు, పెరుగు, గుడ్డు, వెన్న, మాంసం ముట్టరు. ఈస్టరుకు ముందు యాభై అయిదు రోజులు అసలే ముట్టరు. ఇప్పుడు నడుస్తున్నవి ఆ రోజులే. ఉపవాసం ఉన్నట్టు నలుగురికీ చాటుకోవడం తప్పు. చర్చిలో కూర్చోకపోవడం కూడా వాళ్ళ పద్ధతే, దేవుడి ముందు నిలబడే ఉండాలని.

రెబ్కా వేళ్ళమీద లెక్కపెట్టింది. పాలు, పెరుగు, గుడ్డు, వెన్న, కోడి. "సరిగ్గా వాళ్ళు తినకూడనివన్నీ ఏరి ఏరి పెట్టాను కదే!" అని నుదురు కొట్టుకుంది. శ్రీరమ్యకు నవ్వాగలేదు. శ్రీరమ్యను చూసి మెరోన్ నవ్వింది. "ఎండ పిల్ల అని ఈ రేకుల గదిలో పడేశానమ్మా, అదైనా పడిందా?" అని అడిగింది రెబ్కా. మెరోన్ ఫోన్లో వాళ్ళ ఊరు చూపించింది. దెస్సీ అట. కొండలమీద పచ్చని ఊరు, జనమంతా స్వెట్టర్లలో, శాలువల్లో. జూన్, జులైల్లో కూడా చలేనట. గుంటూరులో దిగిన రోజు తను పొయ్యిలో దిగాననుకుందట.

ఆ మధ్యాహ్నం రెబ్కా పింగాణీ పళ్ళేన్ని అటకమీద పెట్టేసింది. పెళ్ళప్పటి ఇత్తడి తాంబాళం దించి, చింతపండుతో తోమి, పిల్లలు తినే గదిలో నేలమీద మధ్యన పెట్టింది. అందులో అన్నం కుప్ప పోసి చుట్టూ పప్పు, నూనెలో మగ్గిన వంకాయ, గోంగూర పచ్చడి, పండుమిరప పచ్చడి పెట్టింది. నెయ్యి చుక్క వేయలేదు. శ్రీరమ్య కొంచెం తటపటాయించి, "ఏమైతే అయింది" అని ఒక పక్క కూర్చుంది. ఖాళీ సంచులకోసం వచ్చిన నన్నే సాహెబ్ గుమ్మంలో నిలబడిపోయాడు.

మెరోన్ పండుమిరప పచ్చడి నిమ్మకాయంత తీసి అన్నంలో కలుపుకుంది.

"అక్కా, నీళ్ళు! ఎవరన్నా నీళ్ళు పట్టుకోండి! ఎంబసీ!" అన్నాడు నన్నే సాహెబ్.

మెరోన్ నమిలింది. మింగింది. అందరి మొహాలూ చూసి, ఇంగ్లీషులో మర్యాదగా ఒక మాట చెప్పింది.

"చాలా బాగుందంట" అంది శ్రీరమ్య. "కాకపోతే... కారం కొంచెం తక్కువైందంట."

"ఓరి నాయనో!" నన్నే సాహెబ్ గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "గుంటూరు పరువు తీసింది కదా ఈ పిల్ల! మిర్చి యార్డులో తెలిస్తే గేట్లు మూసేస్తారు!"

"నీ బావమరిదికి ఫోను చెయ్యి, పేగుల సంగతి అడుగు" అంది రెబ్కా.

తర్వాత ఎవరూ చూడటంలేదనుకుని మెరోన్ రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగింది. అది రెబ్కా చూసింది, చెప్పలేదు.

అన్నం సగమయ్యాక మెరోన్ ఒక ముద్ద కలిపి, చక్కగా గుండ్రంగా చేసి, చెయ్యి చాపి రెబ్కా నోటి దగ్గర పెట్టింది. వాళ్ళ పద్ధతట. ఇష్టమైన మనిషికి తన చేత్తో ముద్ద పెట్టాలి, కాదనకూడదు. రెబ్కా నోరు తెరిచింది. పూటకు నలభై మందికి వడ్డించే మనిషి, ఎప్పుడూ అందరూ తిన్నాక వంటింటి గడపమీద చల్లారిన అన్నం తినే మనిషి. తల్లి పోయాక ఆమెకు ఎవరూ చేత్తో ముద్ద పెట్టలేదు. పెట్టాలని కూడా ఎవరికీ తోచలేదు.

ఆదివారం వీడియో కాల్లో మెరోన్ తల్లి కనిపించింది. రెబ్కా ఈడు మనిషే, శాలువ కప్పుకుంది. ఒకరి భాష ఒకరికి రాదు. రెబ్కా ఎండుమిరపకాయ ఎత్తి చూపింది. ఆవిడ లోపలికెళ్ళి తన కారం డబ్బా తెచ్చి మూత తీసి చూపింది. ఇద్దరూ చాలాసేపు అలా ఒకరి వంటింట్లో డబ్బాలు ఒకరికి చూపించుకున్నారు. మధ్యలో ఆవిడ ఏదో అడిగితే మెరోన్ సిగ్గుపడింది. గుంటూరులో పాములు ఇళ్ళలోకి వస్తాయా, పిల్ల మంచంమీదే పడుకుంటోందా అని ఆమె భయమట. "మీ అమ్మక్కూడా కువైట్లో బావమరిది ఉన్నాడా?" అంది రెబ్కా.

అప్పుడు మెరోన్, తెలుగు నేర్చుకునే కొద్దీ తనకు అర్థమవుతూ వచ్చిన ఒక సంగతి అడిగింది. రోజూ మధ్యాహ్నం వడ్డనకు ముందు రెబ్కా అన్నం గిన్నె దగ్గర నిలబడి ప్రార్థన చేస్తుంది. అందులో "ఆఫ్రికాలో పస్తులున్న బిడ్డల్ని జ్ఞాపకం చేసుకో ప్రభువా" అనే మాట తప్పనిసరిగా వస్తుంది. అదెందుకని?

రెబ్కాకు సిగ్గేసింది. అయినా చెప్పింది. తనకు తొమ్మిదేళ్ళప్పుడు, 1985లో, వాళ్ళ ఊరి పాస్టరు ఒక ఆదివారం చెప్పాడు. ఒక దేశంలో వానలు లేక పిల్లలు చచ్చిపోతున్నారు, వాక్యంలో మనం చదివే ఐతియొపీయ దేశమే అది అని. పేటలో ఆడవాళ్ళు వంటకు బియ్యం తీసేటప్పుడు చర్చికోసం పిడికెడు తీసి డబ్బాలో వేయడం ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ. ఆ దేశంకోసం ఇంకో పిడికెడు వేయమన్నాడు. రెబ్కా తల్లి కూలి మనిషి. "మనకే చాలట్లేదే" అని గొణుగుతూనే వేసింది. ఆ ఏడంతా వేసింది. దేశం పేరు మరుపున పడిపోయి ఆఫ్రికా అని మిగిలింది. ప్రార్థన మాత్రం తల్లి నోటినుంచి కూతురి నోటికొచ్చి నలభై ఏళ్ళుగా సాగుతోంది. అక్కడ వానలు పడ్డాయా, ఆ పిల్లలు ఏమయ్యారని ఎవరూ అడగలేదు.

మెరోన్ ఫోనువైపు తిరిగి తల్లికి తమ భాషలో చెప్పింది. ఫోన్లో ఆవిడ ఎక్కువసేపు మాట్లాడింది. మెరోన్ ఇంగ్లీషులో చెప్పినదాన్ని శ్రీరమ్య తెలుగులో చెబుతూ రెండుసార్లు ఆగింది.

ఆ పిల్లల్లో ఆవిడ ఒకతె. అప్పటికి ఏడేళ్ళది. తమ్ముడు దారిలో పోయాడు. తల్లీ తనూ ఒక శిబిరానికి చేరారు. ఓడల్లో వచ్చిన తిండిగింజలు దోసిళ్ళలో పోశారు. ఎవరు పంపారో తెలియదు, సంచులమీద రాత చదవడం రాదు. ఎవరో తెలియనివాళ్ళు పెట్టారు, వాళ్ళ పిల్లలు చల్లగా ఉండాలని ఆ తల్లి చచ్చేదాకా మొక్కింది.

రెబ్కా తల్లి పిడికెడు బియ్యం ఆ దేశం చేరి ఉండదు. సత్తెనపల్లిలో అమ్మి, వచ్చింది ఏదో ఆఫీసుకు పంపి ఉంటారు. అక్కడినుంచి ఎటు పోయిందో దేవుడికెరుక. ఆ సంగతి రెబ్కాకూ తెలుసు. అయినా ఆమె ఫోను రెండు చేతులతో పట్టుకుని, "మా అమ్మ ఉంటే బాగుండేది. చేరిందో లేదో అని ఒకట్రెండుసార్లు అన్నది" అంది. తెర మీద ఆవిడ రెండు చేతులూ గుండెకు ఆనించుకుని వంగింది. మెరోన్ "గుడ్, గుడ్" అన్నప్పుడల్లా వంగినట్టే. అది మొహమాటం కాదని రెబ్కాకు అప్పుడు అర్థమైంది. వాళ్ళ దండం అది.

గడువు తీరిన శనివారం ఆత్రేయ గారు కాగితం జేబులో పెట్టుకుని వచ్చారు. అంతకుముందే మెరోన్‌ను డాక్టరు దగ్గర తూకం వేయించారు. కిలోన్నర పెరిగింది.

"ఏం మందేశారమ్మా?"

"మందు కాదండి. కారం."

ఆయనకు అర్థం కాలేదు. మెరోన్ ఆయన చేతిలోనుంచి కాగితం తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, జీన్సు జేబులో కుక్కుకుంది. "ఇంకా ఉంటాను సార్" అని తెలుగులో అంది. ఆత్రేయ గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఇంకో టీ అడిగారు.

వడ్డన వేళయింది. గిన్నెల ముందు పిల్లలు వరసగా నిలబడ్డారు. రెబ్కా కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది. పంటకు, పొయ్యికి, చేతుల్లో సత్తువకు స్తోత్రం చెప్పింది. అలవాటు చొప్పున ఆఫ్రికా అన్న మాట దగ్గరికొచ్చి ఆగింది. ఎవరి గురించి, ఎవరి ముందు అడుగుతోంది తను?

"ఆపొద్దు అమ్మా" అంది మెరోన్ పక్కనుంచి, కూడబలుక్కుంటూ. "ఇప్పుడు కూడా... కొంతమందికి లేదు. మా దగ్గర. ఇక్కడ కూడా."

రెబ్కా కళ్ళు తెరవలేదు. "ఆఫ్రికాలోనూ, గుంటూరులోనూ పస్తులున్న బిడ్డల్ని జ్ఞాపకం చేసుకో ప్రభువా" అంది. "మా అమ్మ పిడికెడుకు జవాబు నా ఇంటిదాకా నడిపించావు. స్తోత్రం. తెలియకుండా వేరు పళ్ళెం పెట్టాను. ఆ పిల్ల క్షమించింది. దానికింకా స్తోత్రం."

ఇంకా ఏదో చెప్పబోయింది.

"ఆంటీ, సాంబారు చల్లారిపోతోంది" అన్నారు వెనకనుంచి ఎవరో.

"ఆమెన్" అని గరిటె అందుకుంది రెబ్కా.